తువాలు కింద చెయ్యి

మా పెద్దవాడు పలాస స్టేషను దగ్గర కొబ్బరికాయల కొట్టు పెడతానన్నప్పుడు నేను వాడితో బేరమాడాను. కన్నకొడుకుతోనూ బేరమేనా అని మా ఆవిడ నవ్వింది. టెక్కలి బజారులో గల్లాపెట్టె పట్టుకుని నడక నేర్చినవాణ్ణి, నాకు మరో భాష రాదు. మొదటి సరుకు ఉద్దానం తోటల నుంచి నేనే బళ్ల మీద వేయిస్తాను. అమ్మాక దాని ఖరీదు నాకివ్వాలి, లాభం వాడిది. రెండో సరుకు ఆ లాభంతో వాడే కొనుక్కోవాలి, మళ్లీ నా దగ్గరికి రాకూడదు. వాడు వెంటనే సరేనన్నాడు. ఒక్క మాటైనా పెనుగులాడకుండా సరేనన్నవాడు రేపు కొట్లో ఏం నెగ్గుకొస్తాడని నాకు దిగులు పట్టుకుంది.

అందుకే అమ్మకం రోజున, ఊరికే చూసి పోదామని, నేనూ వెళ్లి కొట్లో కూర్చున్నాను. బరంపురం నుంచి కాయలు కొనే షావుకారు రైల్లో దిగాడు. మా వర్తకుల్లో పెద్ద బేరాలు నోటితో సాగవు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి ధర తెలుపుకుంటారు. పక్కనున్నవాడికి అంతు చిక్కదు. షావుకారు నాలుగు కాయలు ఆడించి చూసి, తువాలు పరిచి, నా వైపు చెయ్యి చాపాడు. నా చెయ్యి నన్నడక్కుండానే కిందికి దూరింది. అతను పట్టిన ధర తక్కువ. ఎక్కడిదాకా లాగవచ్చో నాకు తెలుసు. తలెత్తితే మావాడు గోడవారన నిలబడి ఉన్నాడు, కొట్టు నాదైనట్టు. ఈ సరుకు నేను అమ్మిపెడితే లాభం బాగానే వస్తుంది. రెండోదానికీ నేనే రావాలి, మూడోదానికీ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"సరుకు మావోడిది, సావుకారూ. ఆడి సెయ్యట్టుకో."

"మీరుండగా కుర్రోడితో ఏటి బేరం?" అని అతను నవ్వాడు.

నేనుండటం లేదు, బండికి వేళయిందని లేచాను. మావాడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నాన్నా, ఎంతకి దిగమంతావు?"

"నీ కొట్టు. నువ్వే సూసుకో."

గుమ్మం దాటి తిరిగి చూశాను. తువాలు కింద చేతులు కదులుతున్నాయి. మావాడి ముఖంలో ఏమీ పైకి తేలడం లేదు. వ్యాపారికి అది మంచి లక్షణమే, కానీ ఆ పూట నా ప్రాణం తీసింది.

ఇంటికి చేరగానే మా ఆవిడ ఎంతకమ్మాడని అడిగింది. తెలీదన్నాను.

"ధర తెలుసుకోకుండా వొచ్చీసేరా? మీరే?"

కొన్నాళ్లకు మొదటి సరుకు ఖరీదు నాకు చేరింది. ఆ వెనకే ఉద్దానం బండివాడు టెక్కలిలో మా కొట్టు ముందు ఆగి, మావాడు రెండో సరుకు కొనుక్కున్నాడని చెప్పాడు. ఎంతకని అడగబోయి, అతనికి మంచినీళ్లు ఇమ్మని ఇంట్లోకి కేకేశాను.