తుమ్ముకు ముందు ఫోటో

మేము బహ్రెయిన్‌లో ఉన్న రోజుల్లో ప్రతి తెలుగువాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. కొందరికి ఓవర్‌టైం పిచ్చి, కొందరికి టేప్‌రికార్డర్ల పిచ్చి. మా గదిలో పెద్దాయనకైతే ఊరికి తీసుకెళ్ళాల్సిన సామాను ముందునించే అట్టపెట్టెలో సర్దుకునే పిచ్చి (ఆయన సెలవు ఇంకా ఏడాదిన్నర దూరంలో ఉండేది). నాకేమో నా పేరు అచ్చులో చూసుకోవాలని పిచ్చి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఏసీలు బాగుచేసే కంపెనీలో టైపిస్టుని. పగలంతా ఇంగ్లీషులో ఉత్తరాలు కొట్టి, సాయంత్రం ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నలుగురం ఉండే గదికొచ్చి, మంచం మీద బోర్లా పడుకుని తెలుగులో కథలు రాసేవాణ్ణి. అవి పత్రికల దాకా వెళ్ళి క్షేమంగా నా దగ్గరికే తిరిగొచ్చేసేవి. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మామూలుగా జాలేస్తుంది. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం జాలి కూడా వేయదు, సిగ్గేస్తుంది. ముప్పై ఏళ్ళు దాటినా తగ్గని సిగ్గు కాబట్టి, ఇంక దాచుకుని లాభం లేదని మీతో చెప్పేస్తున్నాను.

ఒకరోజు ఒక వారపత్రిక ఎడిటరు గారి దగ్గర్నించి నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. "మీ కథలు ఇక పంపవద్దు. గల్ఫులో మనవాళ్ళ కష్టాల మీద ఒక నిజమైన కుటుంబగాథ పంపండి. ఫోటో తప్పనిసరి. పాఠకురాళ్ళు కంటతడి పెట్టాలి." మొదటి వాక్యం వదిలేసి మిగతా మూడూ పదిసార్లు చదువుకున్నాను. చదువుతుండగానే అక్క వాళ్ళ ఇల్లు మనసులో మెదిలింది.

అక్క అంటే సొంత అక్క కాదు. పాలకొల్లు దగ్గర మా పక్క ఊరి మనిషి. కోల్డ్ స్టోరులో (అక్కడ చిల్లర కొట్టుని అలాగే అంటారు) నేను కరివేపాకు కోసం వెతుక్కుంటుంటే, "ఏ ఊరు బాబూ?" అని అడిగి ఆ పూటే భోజనానికి పట్టుకెళ్ళింది. అప్పట్నించీ శుక్రవారం శుక్రవారం నా మకాం అక్కడే. బావగారు గరాజులో మెకానిక్కు. వాళ్ళకి ఒక్కతే కూతురు, పదకొండేళ్ళది. పుట్టినప్పుడు ఊపిరి అందక కాళ్ళు పనిచేయలేదు, చేతులు బిగుసుకుపోయేవి, మాట ఒక్కో అక్షరమే కూడబలుక్కుని వచ్చేది. వచ్చిన మాట మాత్రం హుకుమే. చక్రాల కుర్చీలో కూర్చుని, "టీవీ తగ్గించు, మావయ్యకి ఇంకో అట్టు వెయ్యి, నాన్నా ఆ బనీను మార్చు" అని ఇల్లంతా నడిపించేది. అందుకే బావగారు దానికి కలెక్టరమ్మ అని పేరు పెట్టారు. కలెక్టరమ్మ నన్ను మావయ్యా అని పిలిచేది.

మీ గురించి పత్రికకి రాస్తానంటే అక్క ఒప్పుకుంది. "రాస్తే రాయి గానీ ఒక్క ముక్క తప్పకుండా రాయి. ఈ దేశంలో ఇలాంటి పిల్లలున్న తెలుగువాళ్ళు ఇంకెవరన్నా ఉంటే మా ఇంటికి రమ్మని, అడ్రసుతో సహా. దానికి ఆడుకోడానికి తోడు లేదు. నాకు ఏదన్నా అడుగుదామంటే తెలిసిన మనిషి లేదు. డాక్టరు చెప్పేది నాకు సగమే అర్థమవుద్ది బాబూ," అంది. "అంతకంటేనా అక్కా!" అన్నాను, అప్పుడే నాలుగో పెసరట్టు తుంచుతూ.

ఆ శుక్రవారం నేను కెమెరా అడిగి తెచ్చుకుని వెళ్ళేసరికి కలెక్టరమ్మకి పట్టు లంగా కట్టి, జడ వేసి, మలయాళీ కొట్టులో తెచ్చిన మల్లెపూలు పెట్టి, కుర్చీని షోకేసు ముందుకి తోసి సిద్ధంగా ఉంచింది అక్క. షోకేసులో గాజు గుర్రాలు, ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి, దుప్పటి కప్పుకున్న వీసీఆరు. ఇందులో కంటతడి ఎక్కడిది? "పూలు తీసెయ్యక్కా. మామూలు గౌను వెయ్యి. కుర్చీ వంటింటి గోడ దగ్గరికి తిప్పుదాం," అన్నాను. "అయ్యో, అక్కడ గోడకి పెచ్చులూడిపోయినయ్యి కదా బాబూ! ఊళ్ళోవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అని నొచ్చుకుంది. నేను పెద్ద విలేకరిలాగా "ఫోటోకి అక్కడే వెలుతురు బాగుంటుంది" అని బొంకాను. బొట్టుబిళ్ళ కూడా తీయించాను. (అవును, తీయించాను.)

"నవ్వకూడదమ్మా," అన్నాను కలెక్టరమ్మతో. అంతే, నవ్వడం మొదలుపెట్టింది. నేను ముఖం ముడుచుకుని "ఇలా, ఇలా పెట్టు" అని చూపిస్తే కుర్చీ ఊగేలా నవ్వింది. "నవ్వకు తల్లీ" అనడం, అది పకపకా నవ్వడం, రీలంతా అలాగే అయిపోయింది. కడిగించి చూస్తే ఒక్క ఫోటోలో మాత్రం నవ్వు లేదు. కళ్ళు చికిలించి, మూతి వంకరపెట్టి, ఏడుపు ఆపుకుంటున్నట్టుంది. నిజానికి అది తుమ్మబోతోంది. తీసిన మరుక్షణం తుమ్మింది కూడా, కెమెరా అద్దం తుడుచుకున్నవాణ్ణి నాకు తెలీదూ! ఆ ఫోటోనే పంపాను. కింద "కన్నీటిని దిగమింగుతున్న చిన్నారి" అని రాశాను.

ఇక వ్యాసం సంగతి. అక్క ఇంట్లో పెసరట్లు తిని గదికొచ్చి, ఆ త్రేన్పులు ఆగకముందే "అర్ధాకలి" అని రాశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే. ఆఖరి వాక్యం నాకు తెగ నచ్చేసింది. దాని కింద అక్క చెప్పిన అడ్రసు ముక్క రాసి చూస్తే అంత దుఃఖం తర్వాత బిల్డింగు నంబరు, మూడో అంతస్తు, టీకి రండి అని ఏదో పెళ్ళి శుభలేఖ చివరి వరసలాగా ఉంది. ముగింపు చెడిపోతోందని ఆ ముక్క కొట్టేశాను. ఒక్క గీత గీసి కొట్టేశాను.

వ్యాసం అచ్చయింది. మా గదిలో ఒకతను సెలవునించి వస్తూ తెచ్చిన ఆవకాయ సీసాకి చుట్టిన కాగితం నా వ్యాసమే. నా పేరు మీద సరిగ్గా నూనె మరక పడింది. అయినా గది గదికీ పట్టుకెళ్ళి చూపించాను. అక్కకి మాత్రం "అచ్చయిందక్కా, మరకలేని కాపీ తెప్పించి ఇస్తా" అని వాయిదా వేశాను. భయం అప్పుడే మొదలైందేమో, నాకే తెలీదు.

ఆ తర్వాత శుక్రవారాలు అక్క ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు. మనామా ఊళ్ళో తెలుగు వారపత్రికలు ఒక్కో కాపీ పదిమంది చదువుతారు గదా, నోటా నోటా ఇల్లు కనుక్కుని వచ్చేవారు. అందరి చేతుల్లోనూ అరటిపళ్ళే. వాళ్ళంతా తను రమ్మన్నందుకే వచ్చారనుకుని అక్క ఆదరాబాదరాగా టీ పెట్టి, ఆశగా అడిగేది: "మీకూ ఇలాంటి పాపే ఉందాండీ? ఎన్నేళ్ళు?" వాళ్ళు ఉలిక్కిపడి, "అబ్బే, మాకెందుకుంటారండీ! దేవుడి దయవల్ల మా పిల్లలు బాగానే ఉన్నారు" అనేవారు. కలెక్టరమ్మని చూసి నాలుక చప్పరించి, "పాపం!" అనేసి వెళ్ళిపోయేవారు. అలా మూడు వారాలు. నేను అక్కడే, సోఫాలో, వాళ్ళు తెచ్చిన అరటిపండు తింటూ ఉన్నాను. మూడో వారం వాళ్ళు వెళ్ళాక అక్క కప్పులు తీస్తూ, "ఇంత దేశంలో మనలాంటివాళ్ళు ఒక్కరూ లేరన్నమాట" అంది. కలెక్టరమ్మ కిటికీలోంచి కిందకి చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు ఎవరికీ ఏ హుకుమూ లేదు.

నాలుగో వారం ఊరినించి ఫోను. అక్క వాళ్ళమ్మ గొల్లున ఏడుస్తోంది: "పస్తులుంటున్నారంటగా తల్లీ! ఊరంతా పత్రికలో చదివి నన్ను అడుగుతున్నారు!" అక్కకి ఏమీ అర్థం కాలేదు. ఎవరినో అడిగి పత్రిక సంపాదించింది. నాకు కబురొచ్చింది, వెంటనే రమ్మని.

వెళ్ళేసరికి బావగారు, అక్క, కలెక్టరమ్మ ముగ్గురూ కూర్చుని ఉన్నారు. టీపాయి మీద పత్రిక. అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇది రెండుసార్లు చదివించుకుంది నాచేత. రాసినవాళ్ళు చదివితే వినాలంట," అంది. కలెక్టరమ్మ తల ఊపి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "చ...దు...వు" అంది.

రాయడం తేలికండీ, ఎవరి గురించి రాశామో వాళ్ళ ముందు కూర్చుని పైకి చదవడం ఉందే! "ఎడారిలో వాడిన మొగ్గ" అని మొదలుపెట్టాను. "మొగ్గ ఎవరు?" "నువ్వే." పక్కున నవ్వింది. "అర్ధాకలితో అలమటిస్తూ" దగ్గర నా గొంతు సన్నబడింది. అక్క వంటింటి వైపు చూసింది. నేను ఒక వాక్యం దాటేశాను. "దాటేశావు!" అని పట్టేసింది పిల్ల. వెనక్కి వెళ్ళి చదివాను: "పలుకైనా రాని ఆ పసిపాప..." అది కళ్ళు పెద్దవి చేసి, "నాకు మాటలు రావా?" అని అడిగింది, మాటల్తోనే. "నిస్సహాయుడైన తండ్రి గుడ్లనీరు కుక్కుకుంటూ నిలబడ్డాడు" అన్నప్పుడు బావగారు చెయ్యెత్తి, "నేనెప్పుడు కుక్కుకున్నానయ్యా? ఆ రోజు నాకు డ్యూటీ గదా, ఇంట్లోనే లేను," అన్నారు. ఫోటో చూపించి కలెక్టరమ్మ తీర్పు చెప్పేసింది: "అది తుమ్ము!" నవ్వీ నవ్వీ దానికి పొలమారింది. అక్క వీపు నిమిరింది. నేనూ నవ్వబోయాను గానీ ఆఖరి వాక్యం మిగిలే ఉంది.

"ఈ బరువును ఆ తల్లి ఇంకెన్నాళ్ళు మోయాలి?"

నవ్వు ఆగిపోయింది. అక్క ఆ వాక్యం దానికి చదివి వినిపించలేదట, రెండుసార్లూ అక్కడికి వచ్చేసరికి ఆపేసిందట. నాకేం తెలుసు? పిల్ల వాళ్ళమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నేను బరువా?" నాకు తలకొట్టేసినట్టయింది. భూమి చీలితే బాగుండునని పుస్తకాల్లో రాస్తుంటారు, ఆ రోజు నాకు మూడో అంతస్తు నేల చీలినా సరిపోయేది.

అక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "బరువు కాక మరి? ముప్పై కిలోలున్నావు. మొన్న లిఫ్టు చెడిపోతే నిన్ను పైకి తెచ్చేసరికి నా నడుం పడిపోయింది. బియ్యం బస్తా కూడా బరువేనే. బరువని ఎవరన్నా రోడ్డు మీద పడేసొస్తారా? ఇంటికే కదా మోసుకొచ్చుకుంటాం!" పిల్ల అడిగింది: "బస్తా ఎంత?" "ఇరవై." "అయితే నేనే ఎక్కువ," అని గర్వంగా నా వైపు చూసింది. బావగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఈసారి నిజంగానే కుక్కుకున్నారు గానీ, అది నేను ఎక్కడా రాయలేదు.

అప్పుడు అక్క పత్రిక నా చేతిలోంచి తీసుకుని, "అవన్నీ పోనీ బాబూ. మా అడ్రసు ముక్కేదీ?" అంది. "ఎడిటరుగారు తీసేశారక్కా, స్థలం చాలక..." అన్నాను. అన్నాక ఆమె "అయ్యో, పాపం ఆయనకి తెలీదు కదా" అని ఆ ఎడిటరు మీద జాలిపడేసరికి ఇంక నావల్ల కాలేదు. "నేనే కొట్టేశానక్కా. ముగింపు బాగుండదని," అన్నాను. ఆమె నా వంక చూసి, "మూడు శుక్రవారాలు టీ పెట్టాను కదరా," అంది. అన్నాళ్ళుగా బాబూ అన్న మనిషి మొదటిసారి రా అంది. నాకు ఏడుపొచ్చింది. తుమ్ము కాదు, ఏడుపే.

ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద కలెక్టరమ్మ చెబుతుంటే నేను రాశాను. చాలాసేపు పట్టింది, ఎందుకంటే అది చెప్పింది చెప్పినట్టు రాయాలని షరతు. "పదకొండేళ్ళ పాప. నడవను. బాగా మాట్లాడతాను, ఓపిగ్గా వినాలి. నాలాంటి పిల్లలుంటే శుక్రవారం రండి. పాపం అనకూడదు. అరటిపళ్ళు తేవద్దు." కింద బిల్డింగు నంబరు, అంతస్తు. చివర "ఖలాస్" అంది. అది కూడా రాయాలా అని అడిగితే రాయమంది. కోల్డ్ స్టోరు అద్దానికి ఒకటి అంటించాను. ఇంకొకటి తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకి పట్టుకెళ్ళి పాస్టరుగారికిస్తే, "రాసినవాళ్ళే చదవాలి బాబూ" అని నన్నే ముందుకి తోశారు. ఆ వారం నాకు పైకి చదివే యోగం అలా ఉంది. చదివాను. అరటిపళ్ళ దగ్గర అందరూ నవ్వారు, వెనక వరసలో ఒకావిడ తప్ప.

ఆ శుక్రవారం ఆవిడే వచ్చింది, భర్తతో, చంకన తొమ్మిదేళ్ళ పిల్లాడితో. నిజామాబాదు వాళ్ళు (గల్ఫులో ఏ దేశమైనా వాళ్ళకి దుబాయే). గుమ్మంలోనే, "మా పోరడు గూడ గిట్లనే అక్కా. ఈ దుబాయికి తోలుకొచ్చి మూడేండ్లాయె. ఎవలన్న ఏమన్న అంటరని బయిటికే తీస్తలేం," అంది. ఇల్లెక్కడ అని అడిగితే, అక్క వాళ్ళ ఇంటి వెనక రెండో సందు. మూడేళ్ళు! అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది, ఇద్దరూ రెండు గంటలు బయటికి రాలేదు. పిల్లలిద్దరూ పది నిమిషాల్లో క్యారంబోర్డు స్ట్రైకర్ కోసం కొట్టుకున్నారు. వాడు కలెక్టరమ్మ జడ పట్టుకుని లాగితే అది వాడి చెయ్యి కొరికింది. నేను విడిపించబోతే బావగారు నన్ను ఆపారు. "ఉండవయ్యా. దాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ కొట్టలేదు," అన్నారు ఆనందంగా.

కలెక్టరమ్మ హుకుం మీద ఇదంతా కూడా రాసి పత్రికకి పంపాను. పక్షం రోజుల్లో తిరిగొచ్చింది, "ఇందులో కంటతడి లేదు" అని ఎడిటరుగారి చేతిరాతతో. అది చదివి వినిపిస్తే కలెక్టరమ్మ చాలా సంతోషించింది.

ఆ తర్వాత నేను ఎవరి గురించి ఏం రాసినా టపాలో వేసేముందు వాళ్ళకి పైకి చదివి వినిపించడం అలవాటైంది. వినిపించడానికి మొహం చెల్లనివి చించేస్తాను. ఈ ముప్పై ఏళ్ళలో చించినవే ఎక్కువ తేలాయి, అందుకే నేను పెద్ద రచయితని కాలేకపోయాను. ఇదైతే మొన్న ఫోన్లో కలెక్టరమ్మకి పూర్తిగా చదివి వినిపించాను. ఆవిడకి ఇప్పుడు నలభై దాటాయి. చివరిదాకా విని, ఎప్పట్లాగే ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "పంపు మావయ్యా. కానీ నీ సిగ్గు కాస్త ఎక్కువైంది, తగ్గించు," అంది. తగ్గించడం మాత్రం నావల్ల కాలేదు.