మండుతున్న కప్పు కింద ఎక్కాలు

నా చిన్నప్పుడు మా ఊరి బడి ఒక రేకుల షెడ్డు. పూండి స్టేషన్‌లో రైలు దిగి, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటి, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ సముద్రం దాకా నడిస్తే మా పల్లె వచ్చేది. అరవయ్యో దశకం చివరి రోజులవి. ఊళ్ళో ఇళ్ళన్నీ తాటాకు పాకలే. బడి ఒక్కటే పైనా రేకులు, మూడు పక్కలా రేకులు. వేసవి మొదలైతే చాలు, కాస్త పొద్దెక్కేసరికి అందులో కూర్చోవడం పెనం మీద కూర్చున్నట్టుండేది. చేతిలో బలపం చెమటకి జారిపోయేది. వానాకాలం మరో బాధ. రేకుల మీద చినుకుల మోతకి మాస్టారి పెదవులు కదలడం కనబడేది కానీ మాట వినబడేది కాదు.

ఆ రేకులు వేయించింది మా తాతే. మా నాన్నకి తండ్రి, ఊరిపెద్ద. పడవలు ఏ రోజు దిగాలో, ఏ తగువు ఎలా తీరాలో ఆయనే చెప్పేవాడు. నాకు ఊహ తెలియకముందు ఒక వేసవిలో ఊరు అంటుకుందట. ఒక పాకలో లేచిన నిప్పురవ్వ గాలికి వరస వరసంతా పాకింది. తాతకి చివరి కూతురు, మా చిన్నత్త, జ్వరంతో పడుకున్న పాక కప్పు మంటతో సహా లోపలికి కూలిపోయింది. ఆ తర్వాత బడి కట్టాల్సి వచ్చినప్పుడు, పిల్లలు కూర్చునే చోట ఆకు కప్పు ఉండకూడదని తాత పట్టుబట్టాడు. టెక్కలి నుంచి ఎడ్లబండి మీద రేకులు తెప్పించాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. బిడ్డని పోగొట్టుకున్న మనిషితో కప్పు గురించి ఎవరు వాదిస్తారు?

నేను మూడో తరగతిలో ఉండగా ఒకరోజు ఆ షెడ్డులోనే కళ్ళు తిరిగి పడిపోయాను. ముందు వరసలో పిల్ల వీపు మీద చెమట మచ్చ చూస్తూ ఉండడం వరకే నాకు గుర్తు. తెలివి వచ్చేసరికి మా అమ్మ ఒళ్ళో ఉన్నాను. అమ్మ ఎప్పుడూ తాత ముందు గొంతెత్తేది కాదు. ఆ రోజు మాత్రం ఎత్తింది.

“మావా, నువ్వేటైనా సెప్పు. నా గుంటని ఆ పొయ్యిలోకి ఇంక అంపను.”

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. తాత వల అల్లుతున్న చెయ్యి ఆపాడు. అమ్మ చూపిన దారినే మిగతా తల్లులూ నడిచారు. ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించేశారు. ఆ నెల చివర్లో ఇన్‌స్పెక్టర్ వచ్చి, దాదాపు ఖాళీగా ఉన్న షెడ్డు చూసి, వేసవి సెలవుల తర్వాత కూడా ఇలాగే ఉంటే ఈ బడి తీసేసి పూండి బడిలో కలిపేస్తామని చెప్పి వెళ్ళిపోయాడు. మగపిల్లలైతే ఎలాగో నడుస్తారు. ఆ ఇసుకదారిన ఆడపిల్లల్ని రోజూ అంత దూరం ఎవరు పంపుతారు? నా చదువు అక్కడితో ఆగిపోయినట్టేనని అమ్మ నా పలక తీసి చూరులో దోపేసింది.

మా మాస్టారు ఆ ఏడాదే కొత్తగా వచ్చిన కుర్రవాడు. టెక్కలిలో అర్చకుల కుటుంబం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సముద్రం వైపు చూడాలన్నా భయపడేవాడని మా నాన్నావాళ్ళు నవ్వుకునేవారు. ఆయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి తాత ఎదురుగా కూర్చున్నాడు. సంతబొమ్మాళి వైపు తన అమ్మమ్మగారి ఊళ్ళో రైతుల ఇళ్ళు ఎలా ఉంటాయో వేలితో ఇసుకలో గీసి చూపించాడు. మూరెడు మందాన మట్టిగోడ. గోడల మీద తాటిదూలాలు, వాటి మీద వెదురుతడక, తడక మీద గడ్డి కలిపి తొక్కిన మట్టి జానెడు మందాన. అది అటక. ఆ అటక పైన మనిషి పాకేంత ఖాళీ వదిలి, అప్పుడు తాటాకు కప్పు. ఎండంతా ఆకు మీదే ఆగిపోతుంది, ఆ ఖాళీలో గాలి ఆడుతుంది, మట్టి కింద చల్లగా ఉంటుంది. సముద్రం వైపు గోడకి కింద కంతలు, ఎదురుగోడకి పైన కంతలు పెడితే గాలి దానంతటదే వచ్చి పోతుందన్నాడు. కావలసిన మట్టీ, తాటిమానూ, ఆకూ అన్నీ బండి దూరంలోనే దొరుకుతాయన్నాడు.

తాత అంతా విన్నాడు. “సల్లగుంటాది బాబూ, నాకూ తెలుసు. మరి ఆకుకి అగ్గొత్తే?”

“అటక ఆపుతుంది పెద్దయ్యా. మట్టికి నిప్పంటుకోదు.”

“ఆపుద్దని నువ్వు సూసేవా? నీ కళ్ళతో?”

మాస్టారు అబద్ధం చెప్పలేదు. చూడలేదన్నాడు. తాత లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

సెలవుల్లో మాస్టారు ఊరికి వెళ్ళలేదు. ఊరి చివర ఇసుకమేట దగ్గర, ఒక వరస పిల్లలు పట్టేంత చిన్న గది కట్టడం మొదలుపెట్టాడు. పై ఊళ్ళ చెరువు నుంచి మట్టి తెప్పించాడు. మొదట ఒక్కడే తొక్కాడు. తర్వాత మా నాన్న వెళ్ళాడు, ఆ తర్వాత నలుగురైదుగురు కుర్రాళ్ళు. మేము పిల్లలం నీళ్ళు మోసేవాళ్ళం. గోడలో ఒక వరస ఆరితేగానీ ఇంకో వరస పెట్టనిచ్చేవాడు కాదు. ఆ ఆలస్యానికి అందరికీ చిరాకు పుట్టేది. వానలొచ్చేస్తాయేమో, ఇన్‌స్పెక్టర్ వచ్చేస్తాడేమోనని రోజూ ఒకటే గుబులు.

గది పూర్తయ్యాక, మిట్టమధ్యాహ్నం ఇసుక మీద అడుగు పెట్టలేని వేళ, మాస్టారు మా అమ్మని లోపలికి వెళ్ళి కూర్చోమన్నాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. గోడ తడిమింది, పైకి చూసింది. కింది కంతలోంచి వచ్చిన గాలికి ఆమె చీర చెంగు కదిలింది. బయటికి వచ్చి తాతతో, “మావా, కుండలో కూకున్నట్టుంది,” అంది. తాత గుమ్మం దాకా వచ్చాడు. లోపల అడుగు పెట్టలేదు. కప్పుకేసి చూసి, తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగాడు.

అప్పుడు మాస్టారు వెనక నుంచి పిలిచాడు. “పెద్దయ్యా, నేను లోపల కూర్చుంటాను. మీ చేత్తోనే పైన నిప్పు పెట్టండి. అటక కూలితే ఈ బడి మాట నేనిక ఎత్తను.”

“కూలితే ఎత్తడానికి నువ్వుండాల కదేటి!” అని అరిచాడు తాత. “మీయమ్మకి నానేటి సెప్పాల?”

“పిల్లల్ని కూర్చోబెడదామన్న చోట నేను కూర్చోలేకపోతే, వాళ్ళ అమ్మలకి నేనేం చెప్పాలి?”

తాత ఒప్పుకోలేదు. కానీ ఆ మాట ఆయన్ని వదల్లేదు. కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఒక ఉదయం తనే వెళ్ళి మాస్టారిని పిలిచాడు. సముద్రపు గాలి లేవకముందే కానిచ్చేయాలన్నాడు. రవ్వలు ఊరి మీదికి రాకుండా మగవాళ్ళు తడిపిన గోనెలతో, నీళ్ళకుండలతో వరసగా నిలబడ్డారు. ఆడవాళ్ళు మమ్మల్ని వెనక్కి లాగి పట్టుకున్నారు.

మాస్టారు ధోవతి ఎగగట్టి లోపలికి వెళ్ళబోతూ మా వైపు తిరిగాడు. “నేను లోపల ఎక్కాలు చదువుతుంటాను. వినబడినంతసేపూ నేను బాగున్నట్టే,” అన్నాడు. గుమ్మంలో తల వంచి వెళ్ళిపోయాడు.

తాత కొబ్బరాకుల దివిటీ వెలిగించాడు. కప్పు వెనక మూల దివిటీ ఆనించి, వెంటనే దాన్ని విసిరి పారేశాడు. ఎండిన తాటాకు ఒక్కసారి గుప్పుమంది. చూస్తుండగానే మంట కప్పంతా పరుచుకుంది. వేడి మా మొహాలకి కొట్టింది. ఎవరో ఆడమనిషి, చిన్నత్తని ఎరిగినామె కాబోలు, కెవ్వున ఏడ్చి మొహం తిప్పుకుంది.

లోపలి నుంచి మాస్టారి గొంతు వస్తూనే ఉంది. రెండో ఎక్కం, మూడో ఎక్కం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అలవాటు కొద్దీ మేమూ బయటి నుంచి తిరిగి అప్పజెప్పడం మొదలుపెట్టాం. ఆయన చెప్పడం, మేము అనడం. పైన వాసాలు పటపట పగులుతున్నాయి. నేను కళ్ళు మూసుకుని అరిచినంత గట్టిగా అంటున్నాను. నేను ఆపితే ఆయన ఆగిపోతాడని నా భయం.

పన్నెండో ఎక్కంలో ఉండగా గుమ్మం మీది చూరు ఊడి పడింది. మండుతున్న ఆకు కుప్పగా గుమ్మానికి అడ్డంగా పడి, పొగంతా లోపలికి తిరిగింది. లోపల పెద్ద దగ్గు వినబడింది. “పన్నెండు మూళ్ళ...” అన్నాడు. అంతే. మేము ఎదురుచూశాం. మళ్ళీ గొంతు రాలేదు. ఒకరిద్దరు పిల్లలు అలవాటుగా “ముప్ఫయ్యారు” అన్నారు, వాళ్ళ మాట కూడా మధ్యలోనే తెగిపోయింది.

మా నాన్న కదిలేలోపే తాత కదిలాడు. ఒక తడిగోనె నెత్తిన వేసుకుని, ఆ మంటకుప్ప మీదుగా లోపలికి దూకేశాడు. అమ్మ “మావా!” అని అరిచింది. మగవాళ్ళు పడవలు తోసే గెడలు పట్టుకొచ్చి గుమ్మం ముందు కుప్పని లాగడానికి పెనుగులాడుతున్నారు. లాగినకొద్దీ పైనుంచి ఇంకా పడుతోంది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. నేను అమ్మ చెయ్యి కొరికి విడిపించుకోబోయాను. నాన్న గెడ పారేసి తనూ దూకబోతుంటే ఇద్దరు మనుషులు ఆయన్ని పట్టి ఆపారు.

అంతలో తాత గొంతు వినబడింది. బొంగురుగా, కోపంగా. “ఎవులూ రాకండి! బాగానే ఉన్నాం. ఇద్దరం కింద కంతకాడ పడుకున్నాం. గుమ్మం సూడండి మీరు!”

కుప్ప లాగేశారు. దారి తెరుచుకుంది. అయినా తాత బయటికి రాలేదు. మాస్టారిని మాత్రం భుజాలు పట్టి బయటికి నెట్టాడు. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, ఇసుకలో పడి దగ్గుతూనే మా వైపు చూసి నవ్వబోయాడు. తాత మాత్రం లోపలే ఉండిపోయాడు. పైన కప్పంతా కాలి, వాసాలు విరిగి అటక మీద దబదబ పడుతుంటే, ఆ చప్పుడు కింద ఒక్కడే కూర్చున్నాడు. నాన్న ఎంత పిలిచినా పలకలేదు. మంట తగ్గి, నల్లటి బూడిద మిగిలాక నెమ్మదిగా గుమ్మంలోకి వచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి. మొహమంతా మసి, ఆ మసి మీద కళ్ళ నుంచి రెండు చారలు.

అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు.

“అటక నిలబడింది,” అన్నాడు. గుమ్మం చూపించి, “గుమ్మం ఒక్కటే ఎట్టడం తప్పు. ఎదురెదురుగా రెండెట్టాల. గుమ్మాలకాడ చూరుకి ఆకొద్దు, ఆ షెడ్డు రేకులిప్పి ఎయ్యండి,” అన్నాడు.

మాస్టారు లేచి నిలబడ్డాడు. “తప్పు నాదే పెద్దయ్యా. కప్పు గురించే ఆలోచించాను, గుమ్మం సంగతి తట్టలేదు.”

“మల్లా ఇలాటి పని సేసేవంటే కాళ్ళిరగ్గొడతాను,” అన్నాడు తాత. అంటూనే ఆయన్ని దగ్గరికి లాక్కుని, ఆ కాలిన చేతుల్ని తన చేతుల్లో పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు.

ఆ మర్నాటి నుంచి ఊరంతా మట్టి తొక్కింది. చేపలవేటకి పోని రోజున మగవాళ్ళు, వేటకి పోయిన రోజున ఆడవాళ్ళు. వానలు ముందే వచ్చాయి. సగం లేచిన గోడల మీద తెరచాపలు కప్పి కాపాడుకున్నాం. ఒక గోడ నానిపోయి కూలితే మళ్ళీ పెట్టాం. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఒక పక్క ఇంకా కప్పు పడనేలేదు, కానీ కప్పు పడిన పక్కన ఇరుకిరుగ్గా కూర్చుని మేమందరం ఉన్నాం. వాన పడుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి, మాస్టారు చెప్పే పాఠం వినబడుతోందని మాత్రం అన్నాడు. బడి నిలిచింది. నేను చదువుకున్నాను.

ఆ రోజు తాత లోపల ఎందుకు ఉండిపోయాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చాలా ఏళ్ళకి, మంచాన పడ్డాక, అమ్మతో ఒక్క మాట అన్నాడట. “ఆ మట్టి అటక నా గుంట మీద ఉండుంటే...” అని. మా చిన్నత్త గురించే ఆ మాట.

నేను పెద్దయ్యాక టీచరునయ్యాను. టెక్కలిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ చాలా బడుల్లో పనిచేశాను. ఎక్కడ కొత్త గది కట్టినా, రిబ్బను కత్తిరించేముందు మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే వెళ్ళి పిల్లలు కూర్చునే చోట, వాళ్ళలాగే నేల మీద కూర్చునేదాన్ని. పంకా ఆపించేదాన్ని. వెలుతురు ఎటు నుంచి వస్తోందో, గాలి ఎటు పోతోందో, ఏదైనా జరిగితే చివరి వరస పిల్ల ఏ గుమ్మం దాకా పరుగెత్తాలో చూసుకునేదాన్ని. నచ్చకపోతే నచ్చలేదని చెప్పేదాన్ని. పెద్దల దగ్గర పెంకిదాన్నన్న పేరు వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా కొత్త బడి చూడమని పిలిస్తే, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంటాను. నాకు ఊపిరి హాయిగా ఆడిందనుకున్నాకే పిల్లల్ని లోపలికి రమ్మంటాను.