మూడో క్లాసు వాకిలి

పోయిన వారం తిరువళ్ళూరులో మా మనవరాలి ప్రైమరీ స్కూల్లో పెద్దవాళ్లకు ఒక మీటింగు పెట్టారు. పిల్లల్ని గౌరవించడం ఎలాగో నేర్పుతారట! మైకు పట్టుకున్నాయన గోల చేస్తున్న పిల్లల్ని "నోర్ముయ్యండి" అని గద్దించి, మళ్లీ గౌరవం గురించి అందుకున్నాడు. నాకు నవ్వాగక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అంతలో మా టీచరమ్మ గుర్తొచ్చింది. ఇక మీటింగు ఎవరు విన్నారు!

కనకమ్మ సత్రం దగ్గర మా ఊళ్లో తెలుగు బడి. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన టీచరమ్మ ఒక వింత పద్ధతి పెట్టింది. పాఠం జరిగేటప్పుడు ఎవరొచ్చినా, ఆఖరికి తానే ఆలస్యంగా వచ్చినా, చెప్పులు బయట విడిచి, తలుపు తట్టి, "రావచ్చునా?" అని పిల్లల్ని అడగాలి. ఆ రోజు వాకిలి దగ్గర కూర్చునే వంతు వచ్చిన పిల్ల "రండి" అన్నాకే లోపలికి రావాలి. మేమూ ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. "పిల్లకాయల్ని అడిగి లోపలికి పోయేదా, కలికాలం!" అని మా జేజి, అదే మా నాయనమ్మ, బుగ్గలు నొక్కుకుంది.

సరిగ్గా నా వంతు రోజే మా పెదనాయన వచ్చాడు. మా నాన్న కూడా ఆయన ముందు కూర్చునేవాడు కాదు. నన్ను ఆ బడి మాన్పించి తిరుత్తణిలో ఇంగ్లీషు బడిలో వేస్తానని పొద్దున ఇంట్లో చెప్పేశాడు. టీచరమ్మను వదిలి పోవడమంటే నాకు ప్రాణం పోయినట్టయింది. ఆ మాట టీచరమ్మకు చెప్పడానికే పెదనాయన కిర్రు చెప్పులతో వచ్చి గడప మీద కాలు పెట్టాడు. ఆపితే కోపంతో అప్పుడే ఈడ్చుకుపోతాడు. ఆపకపోతే టీచరమ్మ పద్ధతి నా చేతులమీదుగానే మంటగలుస్తుంది.

"ఆడ్నే నిలబడండి పెదనాయనా! చెప్పులిడిచి, అడిగి రావల్ల," అనేశాను.

"ఏందే? నన్నేనా? ఎవురు చెప్పినారే నీకు?"

టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టింది. "నేనూ అట్లే అడిగి వస్తానయ్యా. ఈ పొద్దు వాకిలి ఆ పాపది," అంది నెమ్మదిగా.

ఆయన నన్ను చూశాడు, టీచరమ్మను చూశాడు, గిరుక్కున వెనక్కి తిరిగాడు. అయిపోయింది, మన పని సరి అనుకున్నాను. అబ్బబ్బ, చెప్పులు విడిచాడు! తలుపు తట్టాడు! మా వంశంలో ఇంటి పెద్ద తలుపు తట్టడం అదే మొదలై ఉంటుంది. "రావచ్చునా?" అన్నాడు. "రండీ!" అని మేమంతా అరిచిన అరుపుకు కప్పు మీది కాకులు లేచిపోయాయి. వచ్చి మా మధ్యనే చాప మీద చతికిలబడి ఎక్కాలన్నీ విన్నాడు. వచ్చిన పని మాత్రం టీచరమ్మతో ఒక్క ముక్క ఎత్తలేదు.

బడి వదిలాక ఇంటికి నడుస్తూ దారిలో ఆగాడు. "నువ్వు చెప్పు పాపా, నీకు యాడ చదవాలనుండాది?"

మా ఇంట్లో ఏ పిల్లనూ ఎవరూ అంత మాట అడిగి ఎరగరు. "ఈడ్నే," అన్నాను.

"సరి. ఈడ్నే చదువు," అన్నాడు.

ఏళ్లు గడిచేకొద్దీ మనిషి ఎదుగుతాడంటారు. ఆ ఒక్క నిమిషంలో నేను ఎదిగినంత, ఆ తర్వాత ఏ పదేళ్లలోనూ ఎదగలేదు.