పేరు దగ్గర తగ్గిన గొంతు

2022 ఎండాకాలం. ఏలూరు పవర్‌పేటలో మా స్టూడియో మేడమీద ఒక్క గది. పేపర్లో చాలా ఏళ్ళు రిపోర్టరుగా చేసి, తర్వాత ఈ పనిలోకి వచ్చాను. ఇళ్ళల్లో క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్న పాటలు తెస్తే, శుభ్రం చేసి మిక్స్ చేసి ఇస్తాను. ఉండి నుంచి హరికథలు వస్తాయి, కొల్లేటికోట నుంచి భజనలు వస్తాయి.

ఆ రోజు తాడేపల్లిగూడెం నుంచి శ్రీనివాసు గారు వచ్చారు. ఉల్లిపాయల వ్యాపారం ఆయనది. కొడుకు పెళ్ళి కుదిరింది, అమ్మాయిది నల్లజర్ల. చేతిసంచిలోంచి ఒక క్యాసెట్టు, ఫోర్ ట్రాక్ రికార్డరు తీసి బల్లమీద పెట్టారు. ఒకే టేపు మీద నాలుగు శబ్దాల్ని విడివిడిగా రికార్డు చేసుకునే యంత్రం అది.

“మా అమ్మ పాటండి. కొత్తకోడలు గడప దాటేటప్పుడు ఆవిడే పాడేది. ఆవిడ పోయాక మా ఇంట్లో జరుగుతున్న మొదటి పెళ్ళి ఇది. ఇదొక్కటే మిగిలింది” అన్నారు. క్యాసెట్టు నా వైపు జరిపి, “నాన్నగారు ఒక షరతు పెట్టారండీ. ముందు తను వినాలి. ఆవిడలా ఉంటేనే వెయ్యాలి, లేకపోతే పాటే వద్దన్నారు.”

టేపు మీద రెండే ట్రాకులు. ఒకదాని మీద ఆయన తండ్రి వెంకటరత్నం గారి హార్మోనియం, రెండోదాని మీద తల్లి కనకమ్మ గారి గొంతు. నిండైన గొంతు, తడబాటు లేదు. పాట ఆ ఇంట్లో తరాలుగా వస్తున్నది. ప్రతి చరణం చివరా ‘ఫలానావారి ఇంటికి రావమ్మా’ అని ఇంటి యజమాని పేరు వస్తుంది.

నా దగ్గర ఒక చవకరకం కంప్రెసర్ ఉంది. ఇనప డబ్బా, రెండు ఛానళ్ళు, అరిగిన నాబ్‌లు. గట్టిగా వచ్చిన శబ్దాన్ని అణుస్తుంది. అణిచాక మొత్తాన్ని పైకి లేపితే, మెల్లగా ఉన్నవి కూడా ముందుకొస్తాయి. ఏ మోతాదు దాటితే అణచాలో చెప్పేది థ్రెషోల్డ్, ఎంత అణచాలో చెప్పేది రేషియో. ఖరీదైన పెట్టెలతో పోలిస్తే దీని శబ్దం కొంచెం గరుకు. క్యాసెట్టుకు ఆ గరుకు నప్పుతుంది. కంప్యూటర్లోనూ ఈ పని చేయొచ్చు గానీ, వింటూ చేత్తో నాబ్ తిప్పితే నాకు తొందరగా తెలుస్తుంది.

గొంతును అందులోంచి పంపాను. ఎంత అణుస్తున్నదో చూపించే ఎర్రదీపాలు పాటంతా వెలుగుతూనే ఉన్నాయి. చరణం చివర యజమాని పేరు దగ్గర మాత్రం ఆరిపోయాయి. రెండో చరణంలో అంతే, మూడో చరణంలోనూ అంతే. అక్కడ గొంతు దాదాపు గుసగుస.

“ఒకసారైతే పొరపాటనుకోవచ్చు. ప్రతిసారీ అక్కడే ఎందుకు తగ్గుతున్నారండీ?” అని అడిగాను.

“అమ్మకి మైకు అలవాటు లేదండీ. చరణం అయ్యేసరికి ఊపిరి చాలక తగ్గించేసేదేమో. లేపెయ్యండి. ఇంటి పేరు వినపడకపోతే పాటెందుకూ?”

కొడుకు మాట కాబట్టి సరేనని థ్రెషోల్డ్ బాగా కిందికి దించి, రేషియో పెంచి, పైకి లేపాను. పేరు స్పష్టంగా వచ్చింది. దానితోపాటు టేపు బుస కూడా లేచింది. గొంతు తగ్గినచోటల్లా వెనకాల ఎవరో బియ్యం జల్లిస్తున్నట్టు శబ్దం. అయినా శ్రీనివాసు గారి ముఖం విప్పారింది.

మర్నాడు వెంకటరత్నం గారిని తీసుకొచ్చారు. తెల్లపంచె, చేతికర్ర, నిదానమైన మనిషి. పాట మొదలవగానే కళ్ళు మూసుకున్నారు. మొదటి చరణం చివర పేరు రాగానే తెరిచారు.

“ఇది మా ఆవిడ కాదండీ.”

“అమ్మే నాన్నగారూ. గొంతు గుర్తుపట్టలేదా?” అన్నారు కొడుకు.

“గొంతు ఆవిడదేరా. అంత గట్టిగా నా పేరు ఆవిడ ఎప్పుడూ అనలేదు.”

ఆయన చేతికర్ర బల్లకి ఆనించారు. తర్వాత ఆయనే చెప్పారు. “ముందు నా హార్మోనియం రికార్డు చేసుకున్నామండీ. తర్వాత ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అది వింటూ పాడింది. ఎదురుగా కూర్చుని మైకు పట్టుకున్నది నేనే. నా పేరొచ్చేసరికి ముఖం పక్కకి తిప్పేసేది. మైకు అటు జరిపితే ఇటు తిప్పేది.”

“మీకు ముందు, పాటలో మీ నాన్నగారి పేరున్నన్నాళ్ళూ గట్టిగానే పాడేవారా అండీ?” అన్నాను.

“ఆయన పేరు కూడా కోడలు పలకకూడదు కదండీ. అప్పట్లో మా అమ్మ పక్కింటావిడ చేత ఆ ముక్క అనిపించేది. పాటలో నా పేరు వచ్చేసరికి ఈవిడే అంటానంది. మా పెళ్ళినాడు గడప దగ్గర మా అక్కలు అడ్డంగా నిలబడి, పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమన్నారు. అప్పుడూ ఇంత మెల్లగానే అంది. వాళ్ళకి వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నారు. నేను విన్నానని చెప్పి తీసుకొచ్చేశాను.”

శ్రీనివాసు గారు తల దించుకుని, “అలాగైతే పేరు హార్మోనియంలో కలిసిపోతుంది కదా నాన్నగారూ. బంధువులంతా ఉంటారు” అన్నారు.

“అయితే తగ్గించాల్సింది నన్నురా, ఆవిణ్ణి కాదు. అప్పట్నుంచీ అనేది, మీ హార్మోనియం పెట్టె నన్ను పాడనివ్వదని.”

పనికి దారి అక్కడ దొరికింది. గొంతు మీద థ్రెషోల్డ్ పైకి జరిపాను. మరీ గట్టిగా ఎత్తుకున్నచోట తప్ప కంప్రెసర్ ఆమెను ముట్టుకోదు. రెండో ఛానల్లో హార్మోనియం పెట్టి, గాలితిత్తి ఊపుకి ఎగసే శబ్దాన్ని గట్టిగా అణిచాను. పేరు వచ్చినప్పుడల్లా హార్మోనియం శబ్దం తగ్గించే మీటను, ఫేడరును, చేత్తో కిందికి లాగాను. బుస తగ్గింది. గొంతు పక్కకి తిరగడం, మళ్ళీ ఇటు రావడం, రెండూ తెలిశాయి.

ఆయన మొత్తం విని లేచారు. “వెయ్యండి” అన్నారు.

అప్పటినుంచీ టేపులో ఎక్కడైనా శబ్దం తగ్గితే, నాబ్ తిప్పేముందు అది ఎందుకు తగ్గిందో తెలిసినవాళ్ళని అడుగుతున్నాను. రికార్డు చేసినప్పుడు అక్కడున్నవాళ్ళు చెప్పేదాకా ఊరుకోను. ఈ పని పెట్టె నేర్పదు.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. కొత్తకోడలు పెళ్ళికొడుకు పేరు అడక్కుండానే గట్టిగా చెప్పేసింది. “మాకు పనిలేకుండా చేశావే పిల్లా” అని ఆడపడుచులు నవ్వుతూ పక్కకి తప్పుకున్నారు. స్పీకర్లో పాట మొదలైంది. చరణం చివర గొంతు తగ్గేసరికి, అంతవరకూ మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగి చెవులు రిక్కించారు.

“పేరు దగ్గర వినపడలేదండీ, ఏవందీ?” అన్నారు వెనకనుంచి ఒకావిడ.

వెంకటరత్నం గారు గడప దగ్గర కుర్చీలోంచి వెనక్కి తిరిగారు.

“నేను విన్నాను లెండి. అమ్మాయిని లోపలికి రానివ్వండి.”