సప్పుడు చేసిన రేకు

మర్రిగూడ దగ్గర, బండ్ల కింద నలిగి గింజలు రాలుతాయని కందికట్టెను రోడ్డు మీదే పరుస్తారు. నల్గొండలో నేను కిరాయికి మాట్లాడుకున్న కారు డ్రైవర్, ఫోన్ రాగానే ఇంజను ఆపకుండా సరిగ్గా దాని మీదే నిలిపాడు. కాసేపటికి కారు కింద పొగ లేచింది. అతను బండి ముందుకు తీసేలోపే మంట అంటుకుంది. కందికి కాపలా ఉన్న అవ్వ ఉరికొచ్చి, తాగడానికి కొనుక్కున్న క్యాను నీళ్లన్నీ కుమ్మరించింది. అయినా సగం కంది బూడిదైంది.

సైలెన్సర్ వేడి బయటికి తగలకుండా అడ్డుండే రేకు కారుకు లేదు.

"సప్పుడైతాందని నేనే పీకేసిన," అన్నాడు డ్రైవర్ తాపీగా. "అయినా రోడ్డు మీద ఎవలు పరవమన్నరు?"

అవ్వ ఖాళీ క్యాను ఎత్తుకుంది.

"రేకు సప్పుడు చేస్తే నీకు ఇనబడ్డది. నా కంది సప్పుడు జెయ్యకుండ కాలిపాయె బిడ్డా."