బాజీ గారి కిల్టు, దించవలసిన వేళలు

తాడేపల్లిగూడెంలో బాజీ గారి లుంగీకి ఒక పేరుంది. లుంగీ గొప్పదని కాదు, అందరూ కట్టే గళ్ళ లుంగీయే. ఇంటి దగ్గర ఉన్నప్పుడు అందరిలాగే ఆయనా దాన్ని మోకాళ్ళ దాకా మడిచి కడతారు. కాని తనకంటే ఒక్కరోజు ముందు పుట్టిన మనిషి వీధి మలుపులో కనబడితే చాలు, ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే నడుము దగ్గరికి వెళుతుంది, మడత విప్పుతుంది, లుంగీ పాదాల దాకా దిగుతుంది. మాటా మంచీ ఆ తరువాతే.

మడత పెట్టిన లుంగీతో పెద్దల ఎదుట నిలబడకూడదన్నది ఈ వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన మర్యాద. తేడా ఏమిటంటే మిగతావాళ్ళు ఆ మర్యాదను పాటిస్తారు, బాజీ గారి విషయంలో మర్యాదే ఆయన్ని ఆడిస్తుంది. ఒకసారి రెండు చేతుల్లో రెండు అట్టల కోడిగుడ్లు పట్టుకుని వస్తుంటే రిటైరయిన హెడ్మాస్టరు గారు ఎదురయ్యారు. లుంగీ దిగింది. గుడ్లూ దిగాయి.

ఆయన వృత్తి బ్యాండు మేళం. న్యూ గుల్జార్ బ్యాండుకు ఆయన మాస్టరు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆయన క్లారినెట్ వినకుండా గూడెంలో పేరున్న పెళ్ళికొడుకు ఎవరూ గుర్రమెక్కలేదు, కారెక్కలేదు. అయితే ఈమధ్య రెండు పెళ్ళి సీజన్లుగా పెళ్ళివారంతా డీజే బండ్ల వైపు తిరిగారు. బ్యాండులో ఉన్న తొమ్మిదిమందిలో ఇద్దరు డీజే వాళ్ళతో రహస్యంగా మాట్లాడుకుంటున్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. రహస్యాలు ఆ స్థాయిలోనే ఉంటాయి.

ఈ సంక్షోభ సమయంలో కిల్టు ప్రస్తావన తెచ్చినవాడు నౌషాద్. బాజీ గారి మేనల్లుడు, బ్యాండులో డ్రమ్ము వాయిస్తాడు, మిగిలిన సమయంలో ఫోను చూస్తాడు.

“మామూ, ఇది చూడు. స్కాట్లాండు బ్యాండు. ఎంతమంది చూస్తున్నారో చూశావా?”

బాజీ గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. “వాయింపు బానే ఉందిరా. పాపం, ఆ పరికిణీలేంటి?”

“పరికిణీ కాదు, కిల్టు. అక్కడ మగాళ్ళు కట్టేదే. మనం కూడా కట్టామంటే డీజే వాడు బండి అమ్ముకోవాలి.”

బాజీ గారి భార్య జమీలా ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఒక ఆడపిల్లల స్కూలుకు ఏటా యూనిఫారాలు కుట్టి ఇస్తుంది కాబట్టి కుచ్చిళ్ళ విషయంలో జిల్లాలో ఆమెకు తెలియనిది లేదు. ఫోనులో ఆ బొమ్మను పెద్దది చేసి చూసి, “ముందు సాదా, వెనకాల కుచ్చిళ్ళు. ఇంతేగా!” అని తేల్చేసింది. స్కూలు స్కర్టుల కోసం తెప్పించగా మిగిలిన ఎర్రగళ్ళ గుడ్డ ఒక థాను ఉంది. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

“మోకాలు కనబడ్డానికి వీల్లేదు. మోకాలి కింద బెత్తెడు దాకా ఉండాలి.”

“అక్కడ మోకాలి పైకే ఉంటుంది అత్తా.”

“అయితే అక్కడే కుట్టించుకో నౌషాదూ.”

ఆ విధంగా తొమ్మిది కిల్టులు మోకాలి కింద బెత్తెడు దాకా తయారయ్యాయి. లోపల నిక్కరు, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు, నడుముకు బెల్టు, బెల్టుకు ఇత్తడి బకిలు.

మొదటి కార్యక్రమం ఏలూరులో, సాయంత్రం ఊరేగింపు. జనం విరగబడి చూశారు. ఒక చిన్నపిల్ల “అమ్మా, మా స్కూలు స్కర్టులే!” అని కేక పెట్టడం తప్ప ఏ లోటూ జరగలేదు. ఫోన్లన్నీ పైకి లేచాయి. నౌషాద్ డ్రమ్ము మీద పిడుగులు కురిపిస్తున్నాడు. బాజీ గారు పాట ఎత్తుగడ దాటి చరణంలోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి తాతగారు, చేతికర్రతో, ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

బాజీ గారి ఎడమచెయ్యి క్లారినెట్ వదిలేసి నడుము దగ్గరికి వెళ్ళింది. అక్కడ విప్పడానికి మడత లేదు. చెయ్యి కాసేపు వెతుక్కుని ఖాళీగా తిరిగి వచ్చింది. ఈలోగా ఒంటిచేతి మీద ఉన్న క్లారినెట్ తోక తొక్కిన పిల్లిలా అరిచింది. ఒక్కసారయితే జనం సర్దుకునేవారు. కాని పెళ్ళి అంటేనే పెద్దల మేళా. పినతాతగారు వచ్చారు, పిల్లి అరిచింది. మేనత్తగారి మామగారు వచ్చారు, ఈసారి చెయ్యి బకిలు మీద పడింది. దాన్ని విప్పడం మొదలుపెట్టింది కూడా. నౌషాద్ డ్రమ్ముతో సహా పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“మామూ! అది విప్పావంటే రేపటి నుంచి మనకి డీజే వాడి బండి తోయడానిక్కూడా పని దొరకదు!”

ఆ రాత్రి బాజీ గారు అన్నం సరిగా తినలేదు. మర్నాడు బ్యాండు సర్వసభ్య సమావేశం జరిగింది. బాజీ గారి వాదన స్పష్టంగా ఉంది. కిల్టు అంటే ఎప్పటికీ దించడానికి వీల్లేకుండా మడిచి కుట్టేసిన లుంగీ. పెద్దల ముందు దానితో నిలబడడమంటే మర్యాద తప్పడాన్ని బెల్టు పెట్టి బిగించుకోవడమే. కాబట్టి కిల్టు ఎప్పుడు కట్టాలి, ఎన్నిసార్లు కట్టాలి అనేదానికి ఒక పద్ధతి ఉండాలి. నౌషాద్ నోటుబుక్కు తీశాడు. ఆ పూట ఒక రాజ్యాంగం తయారయింది.

దాని ప్రకారం కిల్టు రోడ్డు మీదే, పందిట్లో కాదు. నెలకు రెండుసార్లకు మించకూడదు. శుక్రవారం అసలు కూడదు. చావు మేళానికి ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. అరవై దాటిన బంధువులు ఎదురొచ్చే ఊరేగింపుల్లో కూడదు. ఈ చివరి నిబంధన మిగతా వాటన్నిటినీ మింగేసింది. అరవై దాటిన బంధువులు లేని పెళ్ళి పశ్చిమగోదావరిలో గాని ఏలూరు జిల్లాలో గాని ఇంతవరకు జరగలేదు. రెండు నెలలు గడిచినా కిల్టులు జమీలా బీరువాలోనే ఉన్నాయి.

“వాటిని కట్టుకుంది బీరువా. బీరువాకే బాగున్నాయి” అంది జమీలా.

డీజే వాళ్ళతో మాట్లాడుతున్న ఇద్దరూ ఇప్పుడు రహస్యం మానేసి బాహాటంగానే మాట్లాడుతున్నారు.

అప్పుడు కొల్లేటి లంక నుంచి సోమరాజు ఫోను చేశాడు. చేపల చెరువుల మీద బతికే మనిషి, నలుగురిలో మాట చెల్లేవాడు. ఏలూరు ఊరేగింపు వీడియో ఎవరో పంపితే చూశాడట.

“బాజీ గారూ, మా అబ్బాయి ప్రవీణ్ పెళ్ళండి. కోడలు పిల్లని తీసుకొచ్చే రోజు పొద్దున్నే వంతెన దగ్గర్నుంచి ఇంటిదాకా మీ బ్యాండే ఉండాలండి. ఆ గళ్ళబట్టలతోనే రావాలండోయ్, అందరూ. అది బావుందంటే ఈ వేసవిలో మా లంకలో ఇంకో మూడు పెళ్ళిళ్ళున్నాయి, అవీ మీకే. లేదంటే మా కుర్రాళ్ళు డీజే అని గోల పెడుతున్నారు, మరి నేనాపలేనండి.”

“అలాగేనండి” అన్న తరువాత బాజీ గారు అడిగారు, “ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరుంటారండి?”

“మా నాయనమ్మ అచ్చాయమ్మ గారున్నారు కదండీ. తొంభై దాటాయి. గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెడతాం. ఆవిడ ముందే పాట పూర్తి చెయ్యాలి, ఆ తరవాతే హారతి.”

బాజీ గారు ఫోను పెట్టేశారు. తొంభై దాటిన మనిషి ముందు పాట పూర్తి చెయ్యాలి. చెయ్యి నడుముకు వెళ్ళిందా, పాట పోయినట్టే. పాటతోపాటు మూడు పెళ్ళిళ్ళు, ఇద్దరు మనుషులు, ముప్ఫై తొమ్మిదేళ్ళ న్యూ గుల్జార్ బ్యాండు కూడా పోతాయి. చెయ్యి వెళ్ళకపోతేనో, మర్యాద పోతుంది. రెండిట్లో ఏది పోయినా మిగిలినదానితో ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

పెళ్ళికి రెండు రోజుల ముందు తెల్లప్యాంటు, తెల్లచొక్కా వేసుకుని, కిల్టును గుడ్డసంచిలో పెట్టుకుని, ఆయన ఒక్కరే బస్సెక్కి లంకకు వెళ్ళారు. అచ్చాయమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, పట్టా మీద ఆరబోసిన ఎండుచేపలకు కాపలా కాస్తోంది. చేతిలో కాకులను తోలే పొడుగాటి కర్ర.

“ఎవరయ్యా అది? ఎండకడ్డం నిలబడ్డావు.”

“బ్యాండు బాజీనండి మామ్మగారూ. గూడెం నుంచి వచ్చానండి.”

“పెళ్ళి ఎల్లుండి కదా! అప్పుడే వాయించేస్తావా ఏంటి?”

“లేదండి. తమర్ని ఒక మాట అడిగి వెళదామనండి.” సంచిలోంచి కిల్టు తీసి ఆమె చేతికిచ్చారు.

ఆవిడ కుచ్చిళ్ళు విప్పి చూసింది, గుడ్డ నలిపి చూసింది. “కుట్టు బావుంది. మీ అమ్మాయిదా?”

“నాదేనండి.”

అచ్చాయమ్మ కిల్టును చూసింది. బాజీ గారిని చూసింది. మళ్ళీ కిల్టును చూసింది. ఆ వ్యవధిలో ఒక కాకి ఒక చేపను ఎత్తుకుపోయింది. బాజీ గారు సంగతంతా చెప్పారు, గుడ్ల అట్టలతో సహా. ఆవిడ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఓరి నీ మర్యాద బంగారం గానూ! మా ఆయన బతికున్నన్నాళ్ళూ కొల్లేట్లో దిగాడయ్యా, పంచె ఎగ్గట్టే దిగాడు. మా మావగారు గట్టు మీద నిలబడి చూసేవోరు. ఆయన్ని చూసి మా ఆయన నీళ్ళల్లో పంచె దించాడా? దించితే పంచె తడుస్తాది, ఈలోగా చేప పోతాది. వల వదిలేసి దండాలు పెడితే మా మావగారే తిట్టేవోరు.”

“మరి మర్యాదండీ?”

“గట్టెక్కాక దించేవోడు. గట్టెక్కి కూడా దించకపోతే అప్పుడు తిట్టు. నువ్వు వాయిస్తున్నంతసేపూ నీళ్ళల్లో ఉన్నట్టే. తరవాత సంగతి నువ్వు చూసుకో.” ఆవిడ కర్ర ఎత్తి కాకిని అదిలించింది. “వెళ్ళి ఆ చేపల అవతలికి నిలబడు, ఎండ తగల్నియ్యి.”

బాజీ గారు చేపలకు ఎండ తగిలేలా పక్కకు జరిగి, దండం పెట్టి, బస్సెక్కారు. ఇంటికి రాగానే నోటుబుక్కులో రాజ్యాంగమంతా కొట్టేయించారు. దాని స్థానంలో రెండే ముక్కలు రాయించారు: పాట ఉన్నంతసేపు కిల్టు. పాట ఆగితే లుంగీ.

“లుంగీ ఎక్కణ్ణుంచొస్తుంది మామూ? మధ్యలో ఇంటికెళ్తామా?”

“భుజం మీద వేసుకుంటాం. మడతపెట్టి.”

నౌషాద్ ఫోను తీసి చూసి నోరు తెరిచాడు. స్కాట్లాండు వాళ్ళ భుజాల మీద కూడా ఏదో గళ్ళగుడ్డ వేలాడుతోంది. వాళ్ళకూ ఇంట్లో పెద్దవాళ్ళుంటారు కాబోలు అని సమాధానపడ్డాడు.

అనుకున్న రోజు పొద్దున్న వంతెన దగ్గర కొత్తకోడలు వరలక్ష్మి కారు దిగింది. ప్రవీణ్ ఆమె పక్కన నిలబడ్డాడు. న్యూ గుల్జార్ బ్యాండు తొమ్మిది కిల్టులతో, భుజాల మీద తొమ్మిది రకాల లుంగీలతో, చెరువుగట్ల మధ్య దారిలో కదిలింది. దారిపొడుగునా పెద్దలే. బాజీ గారి ఎడమచెయ్యి ఒకటి రెండుసార్లు నడుము వైపు వెళ్ళబోయింది కాని క్లారినెట్ వదల్లేదు. నీళ్ళల్లో ఉన్నాను, నీళ్ళల్లో ఉన్నాను అని మనసులో అనుకుంటూ నడిచారు.

గుమ్మం వచ్చింది. కుర్చీలో అచ్చాయమ్మ, చేతిలో అదే కర్ర. పాట ఇంకా ఒక చరణం ఉంది. ఆవిడ మొహం చూడగానే బాజీ గారి నాలుగు వేళ్ళు క్లారినెట్ మీది నుంచి లేచాయి. పిల్లి అరవబోయింది. నౌషాద్ కళ్ళు మూసుకున్నాడు.

“వల వదలకయ్యోయ్!” అని అరిచింది అచ్చాయమ్మ.

వయసు మీదపడి ఆవిడ ఏదో అందని అందరూ అనుకున్నారు. బాజీ గారి వేళ్ళు మాత్రం వాటి చోట్లలోకి దిగాయి. ఆ చరణం ఆయన ముప్ఫై తొమ్మిదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఆఖరి స్వరం కొల్లేటి మీదికి వెళ్ళి, అక్కడున్న కొంగల్ని కాస్త జరిపి, ఆగిపోయింది.

వెంటనే ఆయన క్లారినెట్ చంకన పెట్టి, భుజం మీది లుంగీ దులిపి, కిల్టు మీదే చుట్టి, పాదాల దాకా దించి, అచ్చాయమ్మకు వంగి దండం పెట్టారు. వెనక ఎనిమిదిమంది ఎనిమిది లుంగీలు దించి దండం పెట్టారు. తరువాత ప్రవీణ్ స్నేహితులు ఈలలు మొదలుపెట్టారు.

“వన్స్ మోర్! ఆ దించేది మళ్ళీ!”

బాజీ గారు కుదరదన్నారు. వాయించకుండా ఎత్తడం, ఎత్తకుండా దించడం పద్ధతి కాదన్నారు. అయితే వాయించండి అన్నారు కుర్రాళ్ళు. ఆ పొద్దున్న న్యూ గుల్జార్ బ్యాండు ఆ పాటను నాలుగుసార్లు వాయించి, నాలుగుసార్లు గట్టెక్కింది. అచ్చాయమ్మ నాలుగుసార్లూ దండం అందుకుంది. హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు కర్పూరం రెండుసార్లు మార్చారు. సోమరాజు డీజే మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళిపోదామనుకున్న ఇద్దరూ తిరుగు ప్రయాణంలో వ్యాన్లో అందరికంటే ముందు సీట్లో కూర్చున్నారు.

వారం తిరిగేసరికి ఆ వీడియో గూడెం చేరింది. ఒక ఉదయం బాజీ గారు మడతలుంగీతో పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తుంటే ఫోను మోగింది. అవతల రిటైరయిన హెడ్మాస్టరు గారు.

“బాజీ! మా మనవడి పెళ్ళికి నువ్వే రావాలోయ్. ఆ కిల్టో గిల్టో కట్టినా సరే, కట్టకపోయినా సరే. పెద్దల్ని చూడగానే లుంగీ దించుతారే, అది మాత్రం తప్పకుండా ఉండాలి.”

బాజీ గారి చేతిలోని చెంబు అప్పటికే కింద ఉంది.

“దించానండి” అన్నారు.