లచ్చవ్వ నోట రాని సామెత

మొన్న మాఘంలో ఒక పెళ్లికి నిజామాబాద్ నుంచి ఆర్మూరు వెళుతుంటే అంకాపూర్ దగ్గర బస్సు కాసేపు ఆగింది. రోడ్డు పక్క చేలో పసుపు ఉడకబెడుతున్నారు. తడిమట్టి, వగరు ఆకులు, చేదు కలిసిన వేడి ఆవిరి కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క సీట్లోని అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ ఇంకాస్త తెరిచాను. ఇప్పుడు ఆవిరి డ్రమ్ములు వచ్చాయి, గంటలో పని అయిపోతుంది. నా చిన్నప్పుడు వెడల్పాటి ఇనుప కడాయిలు, వాటి మీద తడి గోనెసంచులు, పక్కన పొద్దుటి నుంచి కాళ్లు మార్చుకుంటూ నిలబడిన మనుషులు. వాళ్లలో ఒక మనిషి మా లచ్చవ్వ. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసిన వాళ్లలో కూడా ఇప్పుడు నాలాంటి వాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు.

లచ్చవ్వ మా పక్కింటి మనిషి. మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒక్కటే అడ్డం. నాకు ఊహ తెలిసేసరికి ఆమెకు యాభై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది, సంతానం లేదనే మా ఈడు పిల్లలం అనుకునేవాళ్లం. పసుపు తవ్వే రోజుల్లో రైతుల దగ్గర ఉడకబెట్టే పని, ఆ తర్వాత మార్కెట్లో మంచి కొమ్ములనూ పుచ్చులనూ వేరుచేసే పని. అందుకే ఆమె అరచేతులు ఏడాది పొడుగునా పచ్చగానే ఉండేవి. చదువు రాదు. కానీ సామెత లేకుండా ఆమె నోట మాట వచ్చేది కాదు. బావి దగ్గర ఇద్దరాడవాళ్లు బిందెల కోసం తగువులాడుతుంటే, తన బిందె దింపి, "నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటదవ్వా" అనేది. ఎవరి పక్షమూ తీసుకోకుండా అనేది కాబట్టి ఇద్దరూ నోరు మూసుకునేవాళ్లు. మా నాయనమ్మ కూడా సామెతల్లో తక్కువది కాదు. సాయంత్రం గోడకు అటొకరు ఇటొకరు నిలబడి ఒకరి మాటకు ఒకరు సామెత అందిస్తుంటే, బీడీలు చుడుతూ మా అమ్మ తనలో తను నవ్వుకునేది.

నేను ఆరో తరగతిలో ఉండగా మా తెలుగు పంతులు సామెతలు రాసుకు రమ్మన్నాడు. నాకంత సులువైన పని ఇంకెవరికీ పడి ఉండదు. గోడెక్కి కూర్చుని లచ్చవ్వ చెప్పినవన్నీ రాశాను. రాసి చదువుకుంటే ఒకచోట నాకు అనుమానం వచ్చింది. పై వరుసలో "ఆలస్యం అమృతం విషం" అని ఉంది. కింద "నిదానమే ప్రధానం" అని ఉంది. మరునాడు సెలవు. లచ్చవ్వ వెంట పసుపు ఉడికే చోటికి వెళ్లి అడిగాను.

"అవ్వా, గీ రెండిట్ల ఏది నిజం? ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధమే గద."

ఆమె కడాయి మీది గోనె ఎత్తి, ఒక దుంప బయటికి తీసి, చీపురుపుల్ల గుచ్చి చూసింది. పుల్ల అవతలికి దిగింది. మంట లాగేయమని పక్కవాళ్లకు సైగ చేసి నా వైపు తిరిగింది.

"ఇప్పుడు జర ఆలస్యం చేస్తే గీ పసుపంత మెత్తబడి కరాబైతది. రేపటిసంది ఎండవోస్తం. అప్పుడు తొందరపడి సంచులకెత్తితే లోపల పచ్చిగుండి బూజు పడతది. రెండు మాటలూ నిజమే బిడ్డా. ఏది ఎప్పుడన్నదే ఎరుకుండాలె."

ఆ మాట పంతులుకు చెప్పాను. ఆయన నా పుస్తకం తీసుకుని క్లాసు మొత్తానికీ చదివి వినిపించాడు.

ఆ ఏడే నాకు జ్వరం వచ్చింది. నాయనమ్మ రెండు రోజులు ఏమీ పెట్టలేదు. లచ్చవ్వ గిన్నెలో జావ తెచ్చి గోడ మీద నుంచి అందించబోతే, నేను గొప్పగా, "వద్దవ్వా, లంఖణం పరమౌషధం" అన్నాను. ఆమెకు తెలియని సామెత ఏదో నేను చెప్పాననుకున్నాను. ఆమె గిన్నె గోడ మీద పెట్టింది. ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"గా మాట నా ముంగట అనకు బిడ్డా," అని లోపలికి వెళ్లిపోయింది.

నేను పుస్తకం తీసి చూసుకున్నాను. నిజమే, అన్ని సామెతలు చెప్పిన మనిషి అది మాత్రం చెప్పలేదు. ఎందుకో అమ్మను అడిగితే, "ఊకో, తిను" అంది.

మరుసటి ఎండాకాలం వచ్చింది. పోచంపాడ్ దగ్గర ఆనకట్ట పనులు మొదలైన రోజులవి. మా నాయన తాపీ పనికి, మా వైపు సుతారి పని అంటాం, అక్కడికి వెళ్లి, వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నేను, రెండేళ్ల తమ్ముడు శీను. ఒకరోజు వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఏది పెట్టినా కడుపులో నిలవడం లేదని నాయనమ్మ అన్నీ ఆపించింది. పాలు వద్దు, బువ్వ వద్దు, చివరికి నీళ్లూ వద్దు. ఆమె చెడ్డ మనిషి కాదు. వాడంటే ఆమెకు ప్రాణం. వాణ్ని ఒళ్లో వేసుకుని విసురుతూ, "లంఖణం పరమౌషధం, రేపటికి మంచిగైతడు" అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ కూర్చుంది. వాడు మాత్రం మూలనున్న కుండను చూపించి "నీల్లు, నీల్లు" అంటున్నాడు. అమ్మ కుండ దాకా వెళ్లడం, అత్త ముఖం చూడడం, మళ్లీ వెనక్కి రావడం. అలా ఎన్నిసార్లు తిరిగిందో.

రెండో రోజు మధ్యాహ్నం వాడు అడగడం మానేశాడు. "నిద్ర పట్టింది" అంది నాయనమ్మ. నాకెందుకో భయం వేసి గోడ దూకి లచ్చవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి చేతులైనా కడుక్కోలేదు. నేను చెప్పింది సగం విని మా ఇంట్లోకి వచ్చింది. శీను పక్కన కూర్చుని వాడి రెప్ప ఎత్తి చూసింది. వాడు మూలిగి, ముఖం ఏడుపుగా పెట్టాడు.

"అక్కా, చూడు. ఏడుస్తుండు గని కండ్లల్ల నీళ్లు లేవు," అంది నాయనమ్మతో. "నా గంగారాం గూడ గిట్లనే ఏడ్చిండు."

నాయనమ్మ తల ఎత్తింది.

"వానికి మూడేండ్లు. గిదే రోగం. అందరు లంఖణం అన్నరు. నీళ్లు ఇయ్యద్దన్నరు. మూడొద్దులు నీళ్లు నీళ్లు అని నా కొంగు పట్టుకొని గుంజిండు. పెద్దల మాటని నేను చెయ్యి కట్టుకొని కూసున్న. నీళ్లు ఇంట్లనే ఉండెనక్కా. కుండ నిండ ఉండె."

నాయనమ్మ విసురుతున్న చేయి ఆగిపోయింది. ఒళ్లోని బిడ్డను తనే ఎత్తి లచ్చవ్వ చేతుల్లో పెట్టింది. అమ్మ పొయ్యి దగ్గరి గంజిలో ఉప్పు వేసి చెంబుతో నా చేతికిచ్చింది. 

లచ్చవ్వ వెనకే అమ్మా నేనూ ఎండలో దవాఖాన దాకా నడిచాం. లచ్చవ్వ నడుస్తూనే నా చెంబులో వేలు ముంచి వాడి నోట్లో పెట్టేది. మళ్లీ ముంచేది. డాక్టరు వాడిని చూస్తూనే, పెదవులు ఇంత పచ్చగా ఉన్నాయేమిటి, కామెర్లా అని అడిగాడు. లచ్చవ్వ తన చేతులు చూపించింది. ఆయన ఇంకేమీ అనకుండా సెలైన్ పెట్టించాడు. తెల్లచీర కట్టిన నర్సమ్మ నా చేతికి ఒక చెంచా ఇచ్చి, "ఊరికె కూసోకు. కొంచెం కొంచెం తాపు. కక్కినా సరే, మళ్లీ తాపు," అంది. ఆ సాయంత్రం దాకా నేను చేసిన పని అదే. పొద్దు వాలుతుండగా శీను నా ఒళ్లో, నా లంగా మీద పాసు పోశాడు. నేను సిగ్గుతో లేవబోతే నర్సమ్మ నవ్వి నా భుజం నొక్కింది. "ఇగ ఫికర్ లేదు. ఒంట్లకు నీళ్లు పట్టినయి. గిది కోసమే చూస్తున్న," అంది. మూలన కూర్చున్న లచ్చవ్వ కొంగులో ముఖం దాచుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

శీను ఇంటికి వచ్చాక నాయనమ్మ చాలా రోజులు సామెతలు మానేసింది. ఒక సాయంత్రం ఉండబట్టలేక గోడ దగ్గరికి వెళ్లి అడిగింది.

"లచ్చా, మరి పెద్దలు అబద్ధం చెప్పిండ్రంటవా?"

"అబద్ధం గాదక్కా. గొంతుదాక తిని కడుపు పట్టుకున్న పెద్దోనికి చెప్పిన మాట గది. పాలు తాగే పోరనికి చెప్పింది గాదు. ఎవలికి చెప్పిండ్రో మనం మరిచిపోయినం. మాటొక్కటి పట్టుకున్నం."

అప్పటి నుంచి మా వాడలో ఏ ఇంట్లో పసిపిల్లకు కడుపు చెడ్డా లచ్చవ్వ గంజి చెంబుతో గుమ్మంలో నిలబడేది. అందరూ సంతోషంగా రానిచ్చారని చెప్పను. ఒకావిడ తలుపు దగ్గరే ఆపి, ఇంత వయసులో నీకు డాక్టరు చదువేంది, మొక్కై వంగనిది మానై వంగుతదా అని ఎగతాళి చేసింది. లచ్చవ్వ కోపం తెచ్చుకోలేదు. "నేను వంగిన గదా, చూడు," అని చెంబు గడప లోపల పెట్టి వచ్చేసింది. నేను నర్సు ట్రైనింగుకు పోతానన్నప్పుడు నాయన ఒప్పుకోకపోతే, ఆయన్ను ఒప్పించింది కూడా లచ్చవ్వే. ఏం చెప్పిందో నాకు తెలియదు. నన్ను బయటికి పంపి మాట్లాడింది.

ట్రైనింగు రెండో ఏడు సెలవులకు వచ్చాను. లచ్చవ్వ పనికి పోవడం మానేసింది. మొదటిసారి ఆమె అరచేతులు మామూలు రంగులో కనిపించాయి. పొద్దుటి ఎండలో కూర్చోబెట్టి తలకు నూనె రాస్తున్నాను.

"బిడ్డా, నువ్వు ఇప్పుడు చదువుకున్నదానివి. ఒక్కటి అడుగుత. నిజం చెప్తవా?"

"అడుగవ్వా."

"ఆనాడు నేను నీళ్లు తాపితే గంగారాం బతుకుతుండెనా?"

నా చేతులు ఆగిపోయాయి. నుదుటి రాత, తీరిన ఆయువు, దేవుడిచ్చిన గడువు. జవాబులు ఎన్నో నాలుక మీదికి వచ్చాయి. అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే. కానీ నేను చదివే నర్సింగు పుస్తకంలో ఏముందో నాకు తెలుసు.

"బతికేటోడే కావచ్చు అవ్వా," అన్నాను. "నీకు చెప్పేటోళ్లు ఎవలు లేకుండె. నీకు ఎరుకైందే నువ్వు చేసినవు. గని నీళ్లు తాపితే బతికే దారి ఉండె."

 చెప్పరానిది చెప్పానేమోనని ముందుకు వంగి ఆమె ముఖం చూశాను.

"ముప్పై ఏండ్లసంది అందర్నీ అడిగిన," అంది. "అందరు రాత అన్నరు. వాడు అడిగింది సరైనదే అని ఒక్కలు అనలే. పోరడు నీళ్లడిగిండు. సరైనదే అడిగిండు."

నా నూనె చేతిని తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. కాసేపటికి, "ఇగ నూనె రాయి" అంది. రాశాను.

ఆ వానాకాలమే ఆమె పోయింది. పరీక్షల వల్ల నేను రాలేకపోయాను.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఎన్నో దవాఖానాల్లో పనిచేశాను. బిడ్డ పోయిన తల్లులు ఆ ప్రశ్నే అడుగుతారు. ఇట్ల చేస్తే బతుకుతుండెనా సిస్టరమ్మా అని. ఉద్యోగం కొత్తలో ఒకసారి, అలసటలో, "రాతమ్మా" అనేశాను. ఆ తల్లి తల ఊపి వెళ్లిపోయింది. ఆమె నడిచి వెళ్లిన తీరు నేను మరచిపోలేదు. ఆ తర్వాత ఎన్నడూ అలా అనలేదు. ఎంత పని ఉన్నా పక్కన కూర్చునేదాన్ని. ముందు ఆ బిడ్డ పేరు అడిగేదాన్ని. పేరు చెప్పాక వాళ్లు ఇంకా చెబుతారు, ఏం తినేవాడో, ఎవరి పోలికో. అదంతా విన్నాక, నాకు తెలిసినంత వరకు ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని.